నాన్నగారి జపమాల తెగిపోయింది, ఇప్పుడేం చేయాలి?

గోదావరి జిల్లాల నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ చెప్పొద్దన్నారు. వయసు 44, ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. మూడు నెలల కిందట వాళ్ల నాన్నగారు పోయారు. ఆయన 1994లో కాశీ వెళ్లినప్పుడు కొనుక్కున్న రుద్రాక్షమాలతో ముప్ఫై ఏళ్లు, రోజూ తెల్లవారుజామున పంచాక్షరి జపం చేశారు. పెద్దకర్మ అయిన మర్నాడు తల్లి ఆ మాలను ఈమె చేతికిచ్చి, "తుడిచి దేవుడి దగ్గర పెట్టమ్మా" అన్నారట. తుడుస్తుండగానే దారం తెగింది. పూసలు వంటింటి నిండా దొర్లాయి. పొయ్యి గట్టు కిందా, గ్యాస్ సిలిండర్ వెనకా వెతికి ఏరితే, మేరువు (మాల రెండు కొసలూ కలిసేచోట ఉండే పూస) కాక 108కి 106 దొరికాయి. అందులో ఒకటి సిలిండర్ జరిపినప్పుడు నలిగి చీలింది.

అప్పటి నుంచి ఇంట్లో తలో మాట. మాల తెగడం ఇంటికి అరిష్టమని వదిన భయపెడుతోంది. సంవత్సరీకం లోపే గోదావరిలో కలిపేయాలని అన్నయ్య పట్టు. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు, "మీ ఇష్టం" అనేశాడు. ఈమెకేమో ఆ మాల తన దగ్గర ఉంచుకుని జపం చేసుకోవాలని ఉంది. కానీ అత్తవారిది వెంకటేశ్వరస్వామి ఇలవేల్పుగా ఉన్న ఇల్లు. అత్తగారు తులసిపూసలు వేసుకుంటారు. "ఆడవాళ్లకు రుద్రాక్షలేంటి, అందులోనూ ఆదివారం చేపలు తినే నీకు" అన్నారట. దీనికి తోడు, ఊళ్లో ఎగ్జిబిషన్‌కు వచ్చిన ఒక దుకాణదారుకి ఈమె ఒక పూస చూపించారు. అతను దాన్ని గ్లాసు నీళ్లలో వేశాడు, అది తేలింది. "ఇది ఇండోనేషియా నకిలీ, పైగా ఐదు ముఖాలది, విలువ లేనిది. 45 వేలకు ఏకముఖి ఇస్తాను, అరిష్టం పోతుంది, బీపీ కూడా తగ్గుతుంది, మాత్రలు మానేయొచ్చు" అన్నాడు. ఈమె చీటీ పాడి డబ్బు సిద్ధం చేసుకున్నారు. మాల తెగడం అపశకునమేనా? దాన్ని నీళ్లలో కలపాలా? నేను ఉంచుకోవచ్చా? ఇవీ ఆమె ప్రశ్నలు. చివర్లో ఇంకొకటి: ఆ చీలిన పూసను పాతితే మొలుస్తుందా అని కొడుకు అడుగుతున్నాడట.

అమ్మా,

మిగతావన్నీ తర్వాత. ముందు మీ డాక్టరుకు ఫోన్ చేసి, నాలుగు రోజులుగా బీపీ మాత్ర వేసుకోవడం లేదని చెప్పి, ఆయన చెప్పినట్టు ఇవాళే మళ్లీ మొదలుపెట్టండి. మూడో పేజీలో ఒక్క ముక్కలో రాసి దాటేశారు గానీ నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. మెడలో ఏ పూస ఉన్నా మాత్ర మాత్రే. నాన్నగారు ముప్ఫై ఏళ్లు మాల తిప్పారు, షుగరు మాత్రలూ వేసుకున్నారని మీరే రాశారు. ఆయన ఒకదాని కోసం ఇంకొకటి మానలేదు కదా.

అలాగే చీటీ డబ్బు బ్యాంకులోంచి కదిలించకండి. ఎందుకో చెబుతాను. కానీ దానికంటే ముందు మిమ్మల్ని రాత్రిళ్లు నిద్రపోనివ్వని సంగతి మాట్లాడుకుందాం.

ఆ మాల ఎర్ర నూలుదారంతో గుచ్చి ఉందనీ, దారం అక్కడక్కడ నల్లబడిందనీ రాశారు. నాన్నగారు రోజూ రెండు మాలలు చేసేవారన్నారు. అంటే రోజుకు మొత్తం 216 సార్లు పూస వేలి మీదుగా జరిగింది. ఏడాదికి డెబ్బై ఎనిమిది వేల పైచిలుకు. రుద్రాక్ష నున్నటి పూస కాదు. దాని రంధ్రం అంచు కూడా గరుకే. పూస జరిగిన ప్రతిసారీ దారాన్ని కాస్త కాస్త కోస్తూనే ఉంటుంది. దానికి చెమట, విభూతి, నూనె తోడవుతాయి. అందుకే జపం చేసేవాళ్లు ఏడాదికో రెండేళ్లకో దారం మార్చుకుంటారు. నాన్నగారు చివరి ఏడాదంతా మంచంలోనే ఉన్నారు. దారం మార్చుకునే ఓపిక ఆయనకెక్కడిది? చూపు ఆనక ఎవరినీ అడగనూ లేదేమో. ఎన్నాళ్లనుంచో తెగడానికి సిద్ధంగా ఉన్న దారం మీరు తుడవడానికి లాగినప్పుడు తెగింది. అంతే. మంత్రశాస్త్ర గ్రంథాల్లో దీని గురించి భయపెట్టే మాటలు అక్కడక్కడ ఉన్నా, ఏం చేయాలో కూడా చెప్పారు. దారం జీర్ణమైతే మళ్లీ గుచ్చి, వందసార్లు జపం చేసి వాడుకోమన్నారు. మాల తెగితే ఏం చేయాలో పద్ధతి రాసి పెట్టారంటే, మాలలు తెగుతూనే ఉంటాయని వాళ్లకు తెలుసు. మీ వదినగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి. ఆవిడ కావాలని భయపెట్టడం లేదు, చావు జరిగిన ఇంట్లో ప్రతి చప్పుడూ శకునంలాగే వినిపిస్తుంది.

ఇప్పుడు పూస సంగతి. మా బంధువుల పెరట్లో ఒక రుద్రాక్ష చెట్టు ఉంది. మొదటిసారి దాని కింద రాలిన పండు చూసి నేరేడు అనుకున్నాను. చేతిలోకి తీసుకుంటే తెలిసింది, ఆ నీలం నేరేడుది కాదు, నెమలి మెడది. ఇంకో వింత, నేరేడు పండు నలిపితే వేళ్లు ఊదారంగు పులుముకుంటాయి. దీని నీలం వేలికి అంటదు. ఎందుకంటే అందులో నీలపు రంగు పదార్థమంటూ ఏమీ లేదు. తొక్కలోని సన్నటి పొరల మీద వెలుతురు పడి మన కంటికి నీలంగా కనిపిస్తుంది. తొక్క తీస్తే లోపల పలచటి పుల్లటి గుజ్జు. దాన్ని నీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది రుద్ది వదిలిస్తే, అప్పుడు బయటపడుతుంది మనం రుద్రాక్ష అనే టెంక. అవును, అది పండు లోపలి టెంకే. మామిడి టెంకలాగా, రేగు టెంకలాగా. మీద కనిపించే నిలువు గీతలే ముఖాలు. ఒక్కో గీతకు లోపల ఒక్కో గది ఉంటుంది, గదిలో విత్తనం. ఆ పువ్వు అండాశయంలో మామూలుగా ఐదు గదులుంటాయి కాబట్టి కాయల్లో ఎక్కువ భాగం పంచముఖే అవుతాయి.

నాన్నగారి పంచముఖి చవకగా దొరికింది అందుకే, విలువ లేక కాదు. శివపురాణం విద్యేశ్వర సంహితలో రుద్రాక్షల గురించి చెప్పిన అధ్యాయం ఉంది. అందులో పంచముఖిని కాలాగ్ని రుద్రుడి స్వరూపమే అన్నారు. చెట్టు చేతికి అందేలా ఎక్కువగా ఇచ్చినదాన్నే శాస్త్రం అంత గొప్పగా చెప్పింది. నాకైతే ఇందులో పెద్ద ఊరట కనిపిస్తుంది. జీతం రాళ్లతో ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి కాశీలో కొనుక్కోగలిగిన పూస అది.

ఇండోనేషియా మాటకు వద్దాం. రుద్రాక్ష చెట్టు నేపాల్ తూర్పు కొండల్లో, భోజ్‌పూర్, సంఖువాసభ జిల్లాల వైపు బాగా పండుతుంది. మన దేశంలో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్ అడవుల్లో ఉంది. జావా, సుమత్రా దీవుల్లోనూ ఉంది. నేపాల్ పూసలు పెద్దవి, జావా పూసలు చిన్నవి. 108 పూసల జపమాలలు చాలావరకు జావా కాయలతోనే కడతారు, చేతికి తేలిగ్గా ఉంటాయని. నాన్నగారివి శనగగింజ కంటే కాస్త పెద్దవని రాశారు కాబట్టి అవి ఆ దీవుల నుంచి కాశీ చేరినవే కావచ్చు. అంతమాత్రాన నకిలీ ఎలా అవుతాయి? ఆ మాటకొస్తే శివపురాణం ఉసిరికాయంత ఉన్నదాన్ని ఉత్తమం, రేగుపండంత ఉన్నదాన్ని మధ్యమం, శనగగింజంత ఉన్నదాన్ని చివరిది అంటుంది. కానీ అదే అధ్యాయంలో కొద్ది శ్లోకాల తర్వాత పూస ఎంత చిన్నదైతే ఫలం అంత ఎక్కువనీ అంటుంది. రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. ఎవరి బేరానికి కావలసింది వాళ్లు చదువుకుంటారు.

నీళ్ల పరీక్ష కూడా నమ్మదగింది కాదు. ముప్ఫై ఏళ్లు ఎండిన అసలు పూస గదుల్లో గాలి ఉండి తేలొచ్చు. బరువైన కర్రతో చెక్కిన నకిలీ నిక్షేపంలా మునుగుతుంది. రెండు రాగి నాణేల మధ్య పెడితే తిరుగుతుందని ఇంకో పరీక్ష చేస్తారు. ఎత్తుపల్లాలున్న ఏ గింజనైనా రెండు బిళ్లల మధ్య నొక్కితే అది పక్కకు తిరుగుతుంది. గీతలు అసలువో చెక్కినవో తేల్చాలంటే ఎక్స్‌రేలో లోపలి గదులు లెక్కపెట్టడమే సరైన దారి. ఇక అసలైన గుండ్రటి ఏకముఖి అత్యంత అరుదు. వక్కను చెక్కి, రెండు పూసల ముక్కలు జిగురుతో అతికించి ఏకముఖులని అమ్మడం ఎప్పటినుంచో ఉన్నదే. ఎగ్జిబిషన్ స్టాల్‌లో మీ ముందు పెట్టింది ఏమిటో నేను చూడలేదు. కానీ ఒకే గుక్కలో మీ తండ్రి మాలను నకిలీ అని, మీ ఇంటికి అరిష్టమని, మీ మాత్రలు అక్కర్లేదని చెప్పిన మనిషి దగ్గర 45 వేలు పెట్టి కొనదగినది ఏదీ ఉండదని నా గట్టి నమ్మకం.

పూస అంటే ఏమిటో పెద్దలు ఎలా చూశారో ఒక్క ముక్క చెప్పనివ్వండి, మీ నిర్ణయానికి పనికొస్తుంది. లోకాల మేలు కోరి శివుడు వేల ఏళ్లు తపస్సు చేసి, కళ్లు తెరిచినప్పుడు రాలిన కన్నీటి బొట్లు భూమి మీద చెట్లయ్యాయన్నది పురాణం మాట. రుద్రుడి అక్షి నుంచి పుట్టింది కాబట్టి రుద్రాక్ష. జపమాలకు అక్షమాల అన్న పేరుకు ఇంకో అర్థం చెబుతారు. 'అ' నుంచి 'క్ష' దాకా ఉన్న అక్షరాల దండ అది. అక్షమాలికోపనిషత్తు మాల దేనితో కట్టొచ్చో పది రకాలు చెబుతుంది. పగడం, ముత్యం, స్ఫటికం, శంఖం, వెండి, బంగారం, చందనం, పుత్రజీవి గింజ, తామరగింజ, రుద్రాక్ష. చూశారా, బంగారం పక్కనే చెరువులో దొరికే తామరగింజను కూర్చోబెట్టారు. పుత్రజీవి ఇంకా ముచ్చట. పిల్లలు బతికి బట్టకట్టాలని తల్లులు వాళ్ల మెళ్లో కట్టిన అడవి గింజ అది. వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ధర కాదు. వేలికి దొరకాలి, లెక్క తప్పకుండా ఉండాలి, మనసు జారినప్పుడు చేతికి తగిలి వెనక్కి తేవాలి. మేరువు దగ్గరికి రాగానే దాటకుండా వెనక్కి తిప్పమన్నది కూడా అందుకే అనుకుంటాను. మంత్రం అలవాటుగా నోట్లో పరుగెడుతుంటే, మేరువు దగ్గర చెయ్యి ఆగుతుంది, మనిషి ఎక్కడున్నాడో చూసుకుంటాడు.

మీ అత్తగారి మాటల్లో రెండు విషయాలున్నాయి. ఆడవాళ్ల సంగతికి జవాబు ఇందాక చెప్పిన శివపురాణం అధ్యాయంలోనే ఉంది. అన్ని ఆశ్రమాల వాళ్లు, అన్ని వర్ణాల వాళ్లు, స్త్రీలు శివాజ్ఞతో ఎప్పుడూ రుద్రాక్షలు ధరించవచ్చని స్పష్టంగా ఉంది. తిండి సంగతి అలా కొట్టిపారేయలేం. ధరించేవాళ్లు మద్యం, మాంసం వదలాలని ఆ పుస్తకంలోనే రాసి ఉంది. వెల్లుల్లి, ఉల్లి, చివరికి మునక్కాయ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అన్నీ పాటించేవాళ్లున్నారు, కొన్ని పాటించేవాళ్లున్నారు. మన ఊళ్లలో అయ్యప్ప మాల చూడండి. వేసుకున్నన్నాళ్లు నియమం, దీక్ష ముగిశాక మాల తీస్తారు, మామూలు జీవితంలోకి వస్తారు. మీకు అలాంటి దారి ఒకటుంది. మెడలో వేసుకోకుండా గుడ్డ సంచిలో ఉంచి, పొద్దున స్నానం చేశాక మాత్రమే తీసి జపం చేసుకుంటే, ఆదివారం చేపల కూర గురించి మీరు రోజంతా మథనపడక్కర్లేదు. ఇక శివుడూ విష్ణువూ అన్న తేడా అంటారా, అదే అయ్యప్ప దీక్షకు తులసిమాల వేసుకునేవాళ్లున్నారు, రుద్రాక్షమాల వేసుకునేవాళ్లున్నారు. తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చిన భాష మనది. అయినా అత్తగారితో వాదనకు దిగకండి. ఆవిడ తులసిపూసలను ఎంత భక్తిగా చూసుకుంటారో మీరే ప్రేమగా రాశారు. "అత్తయ్యా, మీ తులసిమాల మీకెంతో, ఇది మా నాన్నకంత" అని ఒక్కసారి చెప్పి చూడండి. ఆవిడ మారకపోవచ్చు. అప్పుడు ఆ సంచి మీ బీరువాలో ఉంటుంది, పూజగదిలో కాదు. జపానికి అది లోటు కాదు.

ఇప్పుడు మాలను ఏం చేయొచ్చో చూద్దాం.

అన్నయ్య చెప్పినట్టు గోదావరిలో కలపడం తప్పేమీ కాదు. పోయిన మనిషి దగ్గరగా వాడుకున్న వస్తువును ఆయన అస్థికలు వెళ్లిన దారినే పంపడం మన ఇళ్లలో ఉన్న ఆచారమే. అన్నయ్య దుఃఖం ఆ దారి వెతుక్కుంటోంది, దాన్ని మొండితనం అనుకోకండి. అయితే అది వెనక్కి తీసుకోలేని పని. మూడు నెలల దుఃఖంలో వేసిన అడుగును మూడేళ్ల తర్వాత తలుచుకుని బాధపడే అవకాశం ఉంటుంది. సంవత్సరీకం లోపే కలపాలని గడువు పెట్టుకోనక్కర్లేదు, నది ఎక్కడికీ పోదు. కలపాలనే తేలితే దారం, వెండి తొడుగులు తీసేసి పూసలు మాత్రమే వదలండి, ప్లాస్టిక్ కవరుతో సహా విసిరేయకండి.

మీరు జపానికి వాడుకోవాలనుకుంటే ఒక చిక్కు ఉంది, దాచకుండా చెప్పాలి. కొన్ని సంప్రదాయాల్లో ఒకరి జపమాల ఇంకొకరు ముట్టుకోకూడదంటారు, ముఖ్యంగా గురువు ఉపదేశించిన మంత్రంతో చేసినదైతే. ఇంకొన్ని ఇళ్లలో తండ్రి మాల బిడ్డకు రావడం భాగ్యమంటారు. రెండూ నిజమైన ఆచారాలే. నాన్నగారికి ఉపదేశం ఇచ్చినవారి పరంపరలో ఎవరైనా ఉంటే వాళ్లను అడగండి. వాళ్లు వద్దంటే, నాన్నగారి మాలను దేవుడి దగ్గర ఉంచి, మీకు కొత్త పంచముఖి మాల కొనుక్కోండి. కొద్ది వందల్లో వస్తుంది, అదే మంత్రం. వాళ్లు సరేనంటే, నాన్నగారిలా రోజూ రెండు మాలలు చేస్తానని మొక్కుకోకండి. స్కూలు, వంట, పిల్లలు ఉన్న మనిషి మీరు. నాలుగు రోజులు తప్పగానే అపరాధం చేశాననే టెన్షన్ మొదలవుతుంది. 27తో మొదలుపెట్టండి. శ్వాస నెమ్మదిగా విడుస్తూ చేయండి. 2001లో ఇటలీ పరిశోధకులు 23 మంది చేత మంత్రం ఒకసారి, క్రైస్తవుల జపమాల ప్రార్థన ఒకసారి చదివించి చూస్తే, రెండిటిలోనూ శ్వాస నిమిషానికి ఆరుకు దిగింది, గుండె లయ కూడా దానితో కుదురుకుంది. నాన్నగారి ముఖంలో జపం తర్వాత కనిపించేదని మీరు రాసిన ఆ నెమ్మది ఎక్కడిదో నాకు దీన్ని బట్టి కొంత అర్థమైంది. మళ్లీ చెబుతున్నా, అది మాత్రకు తోడు, మాత్రకు బదులు కాదు.

ఎవరూ వాడకుండా పూజగదిలో ఉంచడం మూడో దారి. గొడవ ఉండదు, నిజమే. కానీ ఎవరి పూజగదిలో అన్న గొడవ మిగులుతుంది. తాకని మాల దుమ్ము పట్టి, ఇంకో పదిహేనేళ్లకు ఎవరిదో తెలియని వస్తువైపోతుంది.

మీరు అడగని దారి ఒకటుంది. 108 అంటే నాలుగు ఇరవైఏడులు. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాలు కలిపితే 108 అని పంచాంగం చూసే ప్రతి తెలుగింట్లోనూ తెలిసిన లెక్కే. 27 పూసలతో చిన్న జపమాల కట్టుకోవడం మామూలే, చేతికి చుట్టుకునేంత ఉంటుంది. మీ దగ్గర బాగున్నవి 105 ఉన్నాయి. మూడు కొత్తవి కలిపితే అమ్మకు, అన్నయ్యకు, మీకు, తమ్ముడికి తలా 27 వస్తాయి. అన్నయ్య తన వాటా గోదావరిలో కలుపుకోవచ్చు, అది ఆయన ఇష్టం. "మీ ఇష్టం" అనేసిన తమ్ముడి చేతిలో కూడా నాన్న పూసలు పడతాయి. అతను అంత తేలిగ్గా అనలేదనే నాకనిపిస్తోంది. కానీ పంచితే నాన్నగారి మాల అంటూ ఇక ఉండదు, మేరువు ఒక్కరికే వస్తుంది. పోట్లాట ఆపడానికి మాత్రమే పంచుకుంటే, రేపు మేరువు కోసం మళ్లీ పోట్లాడుకుంటారు. నలుగురికీ నిజంగా కావాలనిపిస్తేనే ఈ దారి పట్టండి.

ఇవన్నీ రాశాక మీ ఉత్తరం మళ్లీ మొదటి నుంచి చదివాను. అన్నయ్య మాటలు ఒక పేజీ ఉన్నాయి. అత్తగారివి అర పేజీ. దుకాణదారువి ముప్పావు పేజీ. అమ్మగారి గురించి రెండే రెండు వాక్యాలు: "అమ్మ ఏమీ అనదు. రాత్రి ఆ పూసలున్న స్టీలు డబ్బా తలగడ పక్కన పెట్టుకుని పడుకుంటుంది."

ఆవిడను ఎవరైనా అడిగారా?

మా ఇంట్లో ఇలాంటిదే జరిగింది. నాయనమ్మ పోయినప్పుడు ఆవిడ తులసిమాలను ఆచారం ప్రకారం ఆవిడతోనే పంపేశాం. తప్పు చేయలేదు. కానీ తాతయ్యను అడగలేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికారాయన. పడక్కుర్చీలో కూర్చుని, ఆ మాల తగిలించి ఉండే మేకు వైపు చూస్తూ ఉండేవారు. ఒక్కసారి మాత్రం, "నాకిస్తే పట్టుకునేవాణ్ణి" అన్నారు. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముప్ఫై ఏళ్లు ప్రతి తెల్లవారుజామునా అమ్మగారు నిద్రలేచింది ఆ పూసల చప్పుడుకే కదా. మాల మీ అందరికీ నాన్న గుర్తు. ఆవిడకది రోజు మొదలయ్యే చప్పుడు. మాల ఎవరి దగ్గర ఉండాలి, ఎప్పుడు కలపాలి అని మీరు మాట్లాడుకుంటున్నారు. ఆవిడ మాత్రం ఇప్పటికే తలగడ పక్కన పెట్టుకున్నారు. మాల ఆవిడకు కావాలంటే ఆవిడ దగ్గరే ఉంటుంది. మీ జపం, అన్నయ్య నిమజ్జనం అన్నీ ఆగుతాయి, ఆగాలి. భర్త పోయిన ఆడది జపమాల పట్టకూడదని ఎవరైనా అంటే, ఇందాకటి శివపురాణం మాట గుర్తు చేయండి. కాదు, నదిలో కలిపేద్దాం అని ఆవిడే అంటే, మీ మనసుకు కష్టమైనా ఆ మాట వినండి. అప్పుడు ఒక్క పూస ఉంచుకుంటానని అడగొచ్చు, కాదంటారనుకోను.

కానీ, "అమ్మా, ఏం చేద్దాం?" అని ఎదురుగా కూర్చుని అడిగితే ఆవిడ చెప్పరు. "మీరెలా అంటే అలా" అంటారు. మన అమ్మలు అంతే. అడగడానికి ఇంకో పద్ధతి ఉంది. ఒక ఆదివారం పట్టుదారం కొనుక్కుని వెళ్లండి. నైలాన్ వద్దు, ముడి జారుతుంది. తెల్లటి పాత పంచె నేల మీద పరిచి, డబ్బాలోని పూసలు దాని మీద పోయండి, ఈసారి ఏదీ దొర్లిపోదు. మెత్తటి పళ్ల బ్రష్షుతో పొడిగానే ఒక్కో పూస గాళ్లలో దుమ్ము దులపండి. సబ్బునీళ్లు, వేడినీళ్లు వద్దు. అరచేతిలో రెండు చుక్కల నువ్వులనూనె వేసుకుని పూసల్ని అందులో దొర్లిస్తే, వాటి పాత ముదురు రంగు మళ్లీ పైకొస్తుంది. దారం చివర మైనంతో గట్టిపరిస్తే సూది లేకుండానే రంధ్రంలోకి పోతుంది. మీరు పూస ఎక్కించండి, ప్రతి పూసకూ మధ్య ముడి అమ్మను వేయమనండి. ముడి ఉంటే పూసకు పూస రాసుకోదు, మళ్లీ తెగినా అన్నీ ఒక్కసారి రాలిపోవు. ఇలా వంద పైచిలుకు పూసలు గుచ్చడానికి సాయంత్రం దాకా పడుతుంది. ఎన్నో పూస దగ్గరో అమ్మ మాట్లాడతారు. అప్పుడు మీరు ముడి బిగించడం ఆపకుండా వినండి.

అన్నయ్యను కూడా రమ్మనండి. ఆయన రాకపోయినా, అమ్మ ఏమన్నారో ఆయనకు మీరు కాదు, అమ్మే చెప్పేలా చూడండి.

ఇక మీ అబ్బాయి ప్రశ్న. ఆ చీలిన పూసను పారేయకండి, తులసికోట మట్టిలో పెట్టండి. కానీ మొలుస్తుందని వాడికి చెప్పొద్దు. ముప్ఫై ఏళ్లు ఎండి, మధ్యలో రంధ్రం పడిన టెంకలో ప్రాణం ఉండదు. చెట్టు కావాలంటే కొత్త పండు దొరకాలి. గుజ్జు తీసి పాతిన తాజా టెంక కూడా నెలల తరబడి మట్టిలో కదలకుండా ఉండి, మనం ఆశ వదులుకున్నాక ఎప్పుడో మొలకెత్తుతుంది. వాడికి అంత ఓపిక ఉంటే రాయండి, మా బంధువుల పెరట్లో ఈసారి కాయలు రాలినప్పుడు రెండు పంపిస్తాను.